ఆడవాళ్ల వైపు ఐదో కిటికీ

కంటి ఆపరేషన్ కోసం ఖమ్మం వచ్చి మా ఇంట్లో దిగిన మా మేనత్త, కట్టు విప్పిన మర్నాడే నా ఫోన్ లాక్కుంది. ఇన్నేళ్లు మసగ్గా కనిపించిన లోకాన్నంతా ఒక్కసారే చూసెయ్యాలని ఆవిడ ఆత్రం. గోడ మీది బల్లి దగ్గర్నుంచి నా నెత్తిన నెరిసిన వెంట్రుకల దాకా దేన్నీ వదల్లేదు. సరిగ్గా అప్పుడే వాళ్లబ్బాయి, అంటే మా బావ, ఊళ్లో చర్చి మరమ్మతుల ఫోటోలు పంపాడు. బావ అక్కడ సంఘ పెద్ద. ఒక ఫోటోలో ఆడవాళ్లు కూర్చునే వైపు గోడ, ఆ గోడకున్న చివరి కిటికీ మీద సుద్దముక్కతో గీసిన పెద్ద ఇంటూ మార్కు, దాని కింద ఇటుకల కుప్ప ఉన్నాయి. అత్త ఆ ఫోటోను చాలాసేపు చూసి, "అరేయ్, బండి తియ్. ఊరికి పోవాలె," అంది. డాక్టరు దుమ్ములోకి వెళ్లొద్దన్నాడు కదా అన్నాను. "కండ్లు బాగుచేసింది చూడనీకే గదా," అంది. ఇక ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు.

మా ఊరు ఇల్లందు దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఆ చర్చిని ఎప్పుడో మిషనరీ దొరల కాలంలో రాతితో కట్టారు. నిజాం రాజ్యం చివరి రోజుల కొట్లాటలను మా పెద్దలు గడబిడ అంటారు. ఆ గడబిడలో ఊరు ఊరంతా ఇళ్లు వదిలి అడవిలోకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి చర్చి కాలిపోయి, కప్పు కూలి, గోడలు మోకాలెత్తున మిగిలాయి. ఎవరు అంటించారన్నదానికి ఇప్పటికీ ఇంటికో జవాబు ఉంది. దొరలు వెళ్లిపోయారు, నక్షా లేదు, ఫోటో లేదు. ఊరివాళ్లే మళ్లీ కట్టుకున్నారు. అడవి గూడేల వాళ్ల దేవతలు వేరు, కొలుపులు వేరు. అయినా దూలాలకు టేకు మాన్లు బండ్ల మీద తోలారు, గంపలతో కరక్కాయలు తెచ్చిపెట్టారు. ఇల్లందు నుంచి వచ్చిన ముస్లిం మేస్త్రీ ఆ కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి గానుగలో డంగుసున్నం పట్టించాడట. ఆ గోడ మీద ఇవాళ చెయ్యి పెట్టినా నున్నగా, చల్లగా తగులుతుంది. చిన్నప్పుడు ఎండాకాలం ప్రార్థనల్లో మేం దానికి చెంప ఆనించి నిద్రపోయేవాళ్లం. భక్తిగా కళ్లు మూసుకున్నారని పాస్టరు అయ్యగారు మెచ్చుకునేవారు.

నక్షా లేకపోయేసరికి జ్ఞాపకం మీదే పని నడిచింది. మగవాళ్లు తాము కూర్చునే కుడివైపు ఎలా ఉండేదో చెప్పాలి, ఆడవాళ్లు తమ ఎడమవైపు సంగతి చెప్పాలి. అదీ ఒప్పందం. మగవాళ్లు నాలుగు కిటికీలన్నారు. ఆడవాళ్లందరూ, మా నాయనమ్మతో సహా, ఒక్క గొంతుతో ఐదన్నారు. మేస్త్రీ నెత్తి గోక్కున్నాడట. రెండువైపులా సమానమేనని మగవాళ్లు ఎంత మొత్తుకున్నా ఆడవాళ్లు దిగిరాలేదు. అలా అటు నాలుగు, ఇటు ఐదు అయ్యాయి. ఇక ఊళ్లో నవ్వులే నవ్వులు. కొట్లో చిల్లర తక్కువొస్తే "ఏంది, కిటికీల లెక్కా?" అనేవారు. గంప కింద కమ్మిన కోడిపిల్లలు ఒకటి ఎక్కువ తేలినా కిటికీల లెక్కే. మా తాతయితే నాయనమ్మ కంచంలో వేసిన ప్రతి రొట్టెనూ పైకి లెక్కపెట్టి వేధించేవాడు. మాటకు రెండు మాటలు అప్పజెప్పే నాయనమ్మ, ఈ ఒక్క విషయంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోయేది. నవ్వు ఆపుకుంటోందనుకునేవాళ్లం.

మేం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. నల్లద్దాలు పెట్టుకుని కారు దిగుతున్న తల్లిని చూసి బావ పరిగెత్తుకొచ్చాడు.

"గింత ఎండల ఎందుకొచ్చినవమ్మా?"

"ఆ కిటికీ ఎందుకు మూస్తున్నవ్?"

"ఏసీ పెడుతున్నం. పైన కొత్త సీలింగ్ వస్తది. అటు నాలుగు, ఇటు అయిదు ఉంటే చూసెటోళ్లు నవ్వుతరు. ముసలోళ్లు లెక్క తప్పిన్రు, మనం సరిచేద్దామని కమిటీల అందరం అనుకున్నం."

"ఎవ్వలు లెక్క తప్పలే," అంది అత్త. "పాత గుడికి నాలుగే కిటికీలు. మా అమ్మకు ఎరుకే. ఆడోళ్లందరికి ఎరుకే."

సిమెంటు కలుపుతున్న మేస్త్రీ పార పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు. అత్త నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచి, ఆ చివరి కిటికీ కింద చాప మీద కూర్చుంది. తర్వాత ఆవిడ చెప్పింది ఇది. పాత చర్చిలో సరిగ్గా అక్కడ, నాయనమ్మ పక్కన, ఒకావిడ కూర్చునేది. చిన్నపిల్లగా ఉన్న అత్తను ఒళ్లో పెట్టుకుని ఆడించేది. ఆవిడ భర్త అడవిలో కమ్యూనిస్టు దళంతో ఉండేవాడు. ఊరు పరిగెత్తిన రోజు ఆవిడ నిండు చూలాలు. నడవలేక, దేవుడిల్లు కదా ఎవరూ ముట్టరని, చర్చిలోనే ఉండిపోయింది. తిరిగొచ్చాక, చర్చితో పాటే కాలిపోయిన ఆవిడను బూడిదలో వెతికింది ఈ ఆడవాళ్లే. దళం మనిషి భార్య కోసం ఏడ్చినా, పేరెత్తినా ఆ ఇంటి మీద పోలీసులు పడే రోజులవి. సమాధి లేదు, ప్రార్థన లేదు.

"గోడ లేస్తుంటే అమ్మోళ్లు మాట అనుకున్నరు," అంది అత్త. "ఆమె కూసున్న జాగల ఆమెకు ఒక కిటికీ పెడదాం, ఎవ్వలడిగినా మొదట్నుంచి అయిదే అందాం అని."

"మరి రోజులు బాగుపడ్డాకైనా చెప్పొచ్చు కదత్తా?" అన్నాను.

"ఆయన అడవి దిగొచ్చి ఇంకో పిల్లను చేసుకున్నడు. మంచిది ఆ పిల్ల. మాతోనే గీ చాప మీద కూసునేది. దాని ముందల ఆ ముచ్చట ఎట్ల తీస్తం? నవ్వెటోళ్లను నవ్వనియ్యి అనుకున్నరు. ఆ ముచ్చట ఎరుకున్నోళ్లల్ల నేనొక్కదాన్నే మిగిలిన. గందుకే వచ్చిన."

కుసుమంచిలో కాకతీయుల నాటి గుడి చూసి, అంతంత రాళ్లు ఎలా ఎత్తారా అని నోరు తెరిచినవాణ్ని నేను. ఈ చిన్న కిటికీ ముందు ఆ ఎత్తడం నాకు చిన్న పనిగా అనిపించింది. దేవుడింట్లో అబద్ధమాడొద్దని మా చెవులు మెలేసిన నాయనమ్మ, దేవుడింటి గోడకే ఒక అబద్ధాన్ని కట్టించింది. ఆ గోడ మీద ఒక మనిషి గుర్తు నిలవడం కోసం, లెక్క రానిదానివని మొగుడి చేత చచ్చేదాకా అనిపించుకుంది. ఆ కొంగు చాటున ఉన్నది నవ్వు కాదని ఇప్పుడు తెలిసింది. ఎప్పుడో కూలిపోవాల్సిన రహస్యాన్ని అంతమంది ఆడవాళ్లు, అన్ని కాపురాలు చేస్తూ, అన్ని చావులూ పెళ్లిళ్లూ చూస్తూ, ఒక్కరూ జారవిడవకుండా మోశారు. ఏ రాజు కట్టించాడు అంతకంటే గట్టి కట్టడం?

బావ తడిగుడ్డ తెప్పించి సుద్దగీత తానే తుడిచాడు. మేస్త్రీ, ఎవరూ చెప్పకుండానే, ఇటుకలు బయటికి మొయ్యడం మొదలుపెట్టాడు.

"ఆమె పేరేందమ్మా?" అని అడిగాడు బావ.

అత్త నల్లద్దాలు తీసేసి, కిటికీ కేసి చూస్తూ, ఆ పేరు చెప్పింది. చర్చి అంతా వినపడేలా చెప్పింది. నేనది ఇక్కడ రాయను. అన్నేళ్లు దాచిన పేరు, వినాలనుకుంటే మా ఊరొచ్చి ఆ కిటికీ దగ్గర కూర్చుని వినాలి.

కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు. మా ఊరి ఆడవాళ్ల దగ్గర మాత్రం దాని ఆటలు సాగలేదు.