దొరగారి గటక

ఖిల్లా ఘణపూర్‌లో మా వెనక గదిలో, గాజు సీసాల్లో ఒక నారింజ రంగు బూజును పెంచేవాణ్ణి. దాన్ని ఎండబెట్టి పొడి చేస్తే మందుల తయారీకి పనికొస్తుంది. రంగు ఎంత ముదిరితే మందు అంత ఉన్నట్టు మా లెక్క. దానికి తిండి వండేది అమ్మ. తెల్ల బియ్యం పెడితే బాగా బలిసి, పాలిపోయి పడుకునేది. జొన్నరవ్వను ఉప్పు లేకుండా ఉడికించిన గటక పెడితే మెల్లగా పెరిగి రంగు తిరిగేది.

"ఇయ్యాల గూడ మీ దొరకు ఉప్పు వద్దంటనా? బీపీ ఉన్న నేనే తింటున్న. ఆయనకేం రోగం?" అనేది అమ్మ, బూజు సీసాల వైపు చూపిస్తూ.

"వండుడే నీ పని. అడుగుడు కాదు."

"అబ్బో, పీజీ చదివినోడు చెప్తుండు!"

ఆ బీపీతోనే పోయింది. ఆటోలో, వనపర్తి దవాఖాన గేటు కనబడుతుండగా. చివరి మాటలు గొప్పగా ఉంటాయంటారు. అమ్మ "పొయ్యి బంద్ చేసిన్నా?" అని అడిగింది. చేసింది.

దినాలయ్యేదాకా చావింట్లో పొయ్యి వెలిగించకూడదు. మా అన్నం పక్క వీధిలోని పెద్దమ్మ ఇంటినుంచి వచ్చేది. సీసాల్లో మాత్రం తిండి అయిపోయి బూజు ఎండుతోంది. కొత్త గటకలోకి మార్చకపోతే విత్తనమే పోతుంది. అమ్మ చేతి తిండి తిని బతికినవాళ్లలో నేనూ నాయినా తప్ప ఇంట్లో ఎవరూ మిగలరు.

"పెద్దమ్మా, జర పొయ్యి వెలిగించుకుంట."

"సిగ్గు లేదారా? ఎవలికి వండుతవ్?"

"బూజుకు."

పెద్దమ్మ ఏడుపు ఆపి చూసింది. "బూజుకు మైల ఉంటదా?"

"తెల్వదు. పంతులునే అడగాలె."

కొట్టాలో నవ్వాలో తేలక, "సీసాలు ఇటు తే. మా ఇంట్ల వండి, కుక్కర్ల పెట్టి పంపుత" అంది.

పంపింది. పాత సీసాలోంచి విత్తనం తీసి వాటిలో వేశాను. దినాలు ముగిసేసరికి దొరగారు దూదిలా తెల్లగా ఉన్నారు. రంగు జాడే లేదు. విత్తనం వేయని సీసా ఒకటి మిగిలితే మూత తీసి గటక కొంచెం నాలుకకు రాసుకున్నాను. ఉప్పు. తల్లి పోయిన ఇంటికి చప్పిడి తిండి పంపడానికి పెద్దమ్మకు చేతులు రాలేదు. ఆమెకు చెప్పలేదు. ఆ ఉప్పు మీద జోకు వేద్దామని చూశాను, రాలేదు.

అమ్మ వండిన సీసా ఒక్కటే ఉంది, అడుగున ఇంకా కాస్త నారింజ రంగుతో. మర్నాడు పొద్దున నేనే పొయ్యి వెలిగించి గటక కెలికాను. వాసనకు నాయిన వంటింట్లోకి వచ్చి, గరిటెతో కొంచెం తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పెయ్యలేదేందిరా?"

"ఇది దొరగారిది, నాయినా."

నాయిన గరిటె మళ్లీ గిన్నెలో పెట్టాడు. "మరి మనకు?"

మన సంగతి నాకు తట్టనే లేదు.

అమ్మ సీసాలోంచి విత్తనం తీసి వేసిన ఆ కొత్త సీసాల్లో తర్వాత రంగు తిరిగింది. ఆ పొద్దుటికి మాకది తెలియదు. నింపగా మిగిలిన గటక మధ్యలో పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలియదు. నాయినకూ తెలియదు.