నడిమిట్ల ఏముంటది?

జైపాల్ చెవిలో పెట్టుకుని తల ఊపాడంటే ఆ ఇయర్‌ఫోన్ పాసైనట్టే. మూతి విరిచాడా, తెచ్చినవాడు ఆ సాయంత్రమే బీరంగూడకు పోయి దుకాణంవాడితో కొట్లాడాల్సిందే. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఆటోలకు రేకు భాగాలు కొట్టే ఒక కంపెనీలో అతను ప్రెస్ ఆపరేటర్. పెళ్లికి ముందు చేరాడు, ఇప్పుడు కూతురు డిగ్రీ చదువుతోంది, అతను మాత్రం అదే షెడ్డులో ఉన్నాడు. పనిలో అతనికి పెద్ద పేరేమీ రాలేదు గానీ, ఇయర్‌ఫోన్ల సంగతికొస్తే అక్కడ అతను చెప్పిందే మాట. బీహార్ నుంచి వచ్చిన పిల్లలు సైతం "జైపాల్ భాయ్, జరా దేఖో నా" అంటూ కొత్త డబ్బా అతని చేతిలో పెట్టేవాళ్లు.

ఆ పరీక్ష ఎలా ఉండేదో చెప్పాలి. ముందు డప్పు పాట ఒకటి పెట్టేవాడు. దరువు పడినప్పుడు లోతు మోత ఛాతీలోకి దిగాలి. అది దమ్ము. తర్వాత గజ్జెలూ తాళాలూ ఉన్న భజన పెట్టేవాడు. ఆ గలగల చెవిలో సూదిలా గుచ్చుకోవాలి. అది చురుకు. ఈ రెండూ ఉంటే పాస్. ఇంకేం అడిగేవాడు కాదు, అడగనిచ్చేవాడూ కాదు.

"కింద దమ్ముండాలె, పైన చురుకుండాలె. నడిమిట్ల ఏముంటది? మనుషుల గొంతు. అది బస్టాండు కాడ అమ్మేదాంట్ల గూడ ఇనపడ్తది. దానికోసం ఇంత పరేషాన్ ఎందుకు?" అనేవాడు.

క్వాలిటీ సెక్షన్‌లోకి కొత్తగా వచ్చిన నవీన్ ఒకనాడు భోజనాల దగ్గర ఆగలేక అడిగాడు. "అన్నా, పాడేటోళ్ల గొంతే సక్కగ ఇనపడకపోతే దమ్ముండి ఏం ఫాయిదా? నేనైతే ముందు గొంతే సూస్త. మాట సాఫ్‌గున్నదా లేదా అని."

"నువ్వు పాటలింటున్నవా, వార్తలింటున్నవా తమ్మీ?" అన్నాడు జైపాల్. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. నవీన్ కూడా నవ్వేసి పెరుగన్నం కలుపుకున్నాడు.

నిజానికి తప్పు జైపాల్ ఒక్కడిదే కాదు, ఆ షెడ్డు మొత్తానిది. ఇంట్లో నిమ్మళంగా కూర్చుని చేసే పరీక్షా అది? నడుస్తున్న ప్రెస్ పక్కన నిలబడి చేసేది. చెవులు పాడుకాకూడదని కంపెనీ అందరికీ పెద్ద పెద్ద చెవిడిప్పలు ఇచ్చింది. వీళ్లు ఆ డిప్పల కిందే ఇయర్‌ఫోన్లు దాచుకుని, మెషీన్ మోతను మించేదాకా సౌండ్ పెంచేవాళ్లు. సూపర్‌వైజర్‌కు తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. ఆ మోతలో మనిషి గొంతు ఎక్కడ నిలుస్తుంది? దరువు ఒకటి తెలిసేది, గజ్జెలు ఒకటి తెలిసేవి, మధ్యలోదంతా ప్రెస్ మింగేసేది. రోజూ అలా విని విని, పాటంటే ఆ రెండు కొసలే అనుకున్నారు. చెవిని కాపాడమని ఇచ్చినదాని కిందే చెవిని తినేదాన్ని పెట్టుకున్నారు. ఏమనాలి వీళ్లను!

ఏడాదికోసారి కంపెనీలో చెవుల పరీక్ష జరిగేది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, కూత వినపడితే మీట నొక్కమనేవాళ్లు. ఫెయిలైతే ప్రెస్ మీద నుంచి తీసి గోదాములో వేస్తారని అందరికీ భయం. అందుకని అద్దంలోంచి పరీక్ష చేసేవాడి చెయ్యి చూస్తూ, అది కదిలినప్పుడల్లా మీట నొక్కేవాళ్లు. జైపాల్ ఈ విద్యలో కూడా ఆరితేరాడు. ప్రతి ఏడూ పాసే.

అతని భార్య రేఖ మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్తుంది. వాళ్లది కిష్టారెడ్డిపేట. ఒకప్పుడు ఇద్దరి ఇళ్లవాళ్లూ ఆ చుట్టుపక్కల పొలాల్లో కూలికి పోయినవాళ్లే, ఇప్పుడా పొలాలన్నీ అపార్ట్‌మెంట్లు. రేఖ గొంతు మెత్తన. పక్కింటికి వినపడేలా ఆమె మాట్లాడగా ఎవరూ చూడలేదు. కొత్తలో జైపాల్‌కు ఆ గొంతంటే ప్రాణం. వంటింట్లో ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చుని, కంపెనీలో ఎవరు ఏమన్నారో, చెల్లెలు ఎందుకు అలిగిందో, అన్నీ చెప్పించుకునేవాడు. పోనుపోను ఆ గొంతు మీదే విసుగు మొదలైంది.

"నోట్లె నోట్లె గునుగుతవేందే? జెర నోరు తెరిసి చెప్పు" అనేవాడు.

ఆమె మళ్లీ చెప్పేది. అతను "ఏందీ?" అనేవాడు. మూడోసారికి ఇద్దరికీ ఓపిక పోయేది. అప్పుడు "ఆ ఆ, సరే తియ్" అని తల ఊపేసేవాడు. వినపడలేదు అనే ముక్క మాత్రం అతని నోట వచ్చేది కాదు. ఊరందరి ఇయర్‌ఫోన్లకు తీర్పు చెప్పే మనిషి, తన చెవికి వినపడలేదని ఎలా ఒప్పుకుంటాడు? పరువు పోదూ!

అతనికి మధ్యాహ్నం షిఫ్ట్ పడిన వారాల్లో మొగుడూ పెళ్లాలకు ఒకరి ముఖం ఒకరికి కనపడేది కాదు. ఏదైనా చెప్పాలంటే రేఖ ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపేది. అతను పని మీదే అది పెట్టుకుని, ఒకటీ అరా మాట అందితే అందింది, లేకపోతే లేదు, సరే అన్నట్టు బొటనవేలి బొమ్మ తిరిగి పంపేసేవాడు. ఉప్పు తెమ్మన్నా బొటనవేలే, మేనమామ పోయాడన్నా బొటనవేలే.

రెండేళ్ల కిందట ఒక గురువారం. చాలా నెలలుగా రేఖకు నెలసరి రక్తం ఆగడం లేదు. పోతిరెడ్డిపల్లిలో ఒక నర్సింగ్‌హోమ్‌కు ఒక్కతే వెళ్లి చూపించుకుంది. గర్భసంచి తీసెయ్యాలి, శనివారం వచ్చి చేరమన్నాడు డాక్టరు. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని, చుట్టూ జనం ఉన్నారని ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, ఎప్పటికన్నా మెల్లగా మాట్లాడింది.

"ఏమయ్యా, గర్భసంచి తియ్యాలంటున్నడు డాక్టరు. శనివారం రమ్మన్నడు. నాకు శాన భయమైతున్నది. ఇంకోకాడ సూపెడ్దామా? నువ్వు ఒద్దంటే చేపిచ్చుకోను. నువ్వెట్లంటే గట్ల."

అప్పుడు షెడ్డులో ప్రెస్సులన్నీ నడుస్తున్నాయి. జైపాల్ చెవిలో ఉన్నది అతను ఏరికోరి కొనుక్కున్న ఇయర్‌ఫోన్, దమ్ముకు ఆ షెడ్డులో దాన్ని మించింది లేదు. డప్పు పాట ఆపి మెసేజ్ పెట్టాడు. ఏదో ఊపిరి లాంటిది వచ్చింది. డాక్టరు అన్నట్టు, శనివారం అన్నట్టు లీలగా తెలిసింది. బయట నీళ్ల నల్లాల దగ్గరకు పోయి ఫోన్ చెవికి ఆనించుకుంటే సరిపోయేది. సామాను జల్దీ పోవాలని సూపర్‌వైజర్ నెత్తిమీద నిలబడి ఉన్నాడు. బొటనవేలు పంపించి రేకు అందుకున్నాడు.

ఆ బొమ్మ చూసుకుని రేఖ బస్సెక్కింది. అడగాల్సిన మనిషిని అడిగింది. జవాబు వచ్చింది.

మర్నాడు పొద్దున చాయ్ ఇస్తూ గొంతు పెంచి చెప్పింది. "రేపు ఆపరేషన్. అమ్మను రమ్మన్న. నువ్వు గూడ ఛుట్టీ పెట్టు."

జైపాల్ కప్పు అందుకుంటూ తలెత్తాడు. ఆపరేషనా? ఏం ఆపరేషన్? ఎవరికి? ఆ ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే నిన్నటి మెసేజ్ వినలేదని బయటపడుతుంది. "గింత పెద్ద ముచ్చట గూడ ఇనలేదా" అని ఆమె అంటుంది. ఎలాగూ రేపు ఆస్పత్రిలో తెలుస్తుంది కదా అనుకున్నాడు. తల ఊపాడు. ఆమె అతను చాయ్ తాగేదాకా అక్కడే నిలబడి, ఖాళీ కప్పు తీసుకుని లోపలికి పోయింది.

ఆపరేషన్ అయింది. నిజం చెప్పాలంటే అతను బాగానే చూసుకున్నాడు. మంచం పక్కన కూర్చున్నాడు, కొబ్బరినీళ్లు తెచ్చాడు, బరువులు ఎత్తనివ్వలేదు. మనిషి కోలుకుంది గానీ మాట తగ్గింది. ఒంట్లో నీరసం, అదే సర్దుకుంటుందిలే అన్నది రేఖ తల్లి. సర్దుకోలేదు. చెప్పాల్సినవి మాత్రం కేకేసి చెప్పేది. అన్నం! గ్యాస్! కాలేజీ ఫీజు! అంతే. పీట వేసుకుని కూర్చున్నా చెప్పడానికేమీ ఉండేది కాదు. మెసేజ్‌లు కూడా ఆగిపోయాయి. ఇల్లు నిమ్మళంగా ఉందని జైపాల్ కొన్నాళ్లు సంబరపడ్డాడు కూడా, పిచ్చివాడు.

ఈలోగా అతనికి కంపెనీల మీద కోపం పెరిగింది. ఏ ఇయర్‌ఫోన్ తెచ్చి పెట్టినా "చురుకు లేదు, అంతా మోసం" అనేవాడు. ఒకనాడు నవీన్ కొన్న దాన్ని బీహార్ పిల్లలు పెట్టుకుని, గజ్జెల చప్పుడుకు చెవులు చిల్లులు పడుతున్నాయని తీసేశారు. జైపాల్ పెట్టుకున్నాడు. దరువు తెలిసింది. గజ్జెలు లేవు. సౌండ్ మొత్తం పెంచాడు. అయినా లేవు.

"దీంట్ల గజ్జెలు యాడున్నయి తమ్మీ?" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవీన్ అతన్ని పక్కకు తీసుకుపోయి, "అన్నా, ఏమనుకోకు. ఇది ఇయర్‌ఫోన్ ముచ్చట గాదు. జెర చెవులు సూపిచ్చుకో" అన్నాడు.

ఆ రాత్రంతా కోపంగానే ఉంది. ఆదివారం దాటాక కూతురు తనుశ్రీ వెంటబడి సంగారెడ్డిలో చెవుల పరీక్ష చేసే ఒకామె దగ్గరకు తీసుకుపోయింది. అక్కడ అద్దంలోంచి చూడ్డానికి వీల్లేకుండా అతన్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. పరీక్ష అయ్యాక ఆమె కాగితం మీద గీత చూపించింది. కింద మోతలు వినపడుతున్నాయి. పైన మొత్తం పోయింది. మధ్యలో సగం పోయింది.

"పైనిది పోతే పోయింది మేడం. నడిమిది సంగతేంది?" అన్నాడు జైపాల్.

"మనుషుల మాటంతా ఎక్కువగా అక్కడే ఉంటదన్నా. ఇంట్లోళ్లు చెప్పేది సగం మీకు అందుతలేదు. చాన రోజుల సంది అయ్యుంటది" అన్నది ఆమె.

చెవికి పెట్టుకునే చిన్న మిషన్ ఇచ్చారు. దరువు కోసం కాదు, గజ్జెల కోసం కాదు, మాట కోసమే దాన్ని సరిచేశామన్నది. బస్సులో తనుశ్రీ మామూలుగా మాట్లాడుతుంటే వినపడింది. కూతురి గొంతు ఇలా ఉంటుందా అని అతను దాని ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి ఎప్పుడు చేరతానా అని తొందర పుట్టింది. ఇక రేఖతో మాట్లాడవచ్చు. ఇన్నేళ్లదీ కలిపి వినవచ్చు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి రేఖ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. జైపాల్ పీట లాక్కుని పక్కన చేరాడు.

"అన్నం వండలే ఇంక!" అని కేకేసింది ఆమె.

"మొత్తుకోకే. మిషన్ పెట్టిచ్చుకున్న. మెల్లగ చెప్పు, ఇనపడ్తది."

"ఏం చెప్పాలె?"

"ఏదన్న చెప్పు. నీ ఇష్టం."

రేఖ ఇంకో కాయ అందుకుని ఈనె తీసింది. తన పాత గొంతుతో, తల ఎత్తకుండా అడిగింది. "ఆనాడు ఎందుకు ఒద్దనలేదు నువ్వు?"

"ఏనాడు?"

"ఆపరేషన్‌కు ముందుగాల. భయమైతున్నదని చెప్పిన. ఇంకోకాడ సూపెడ్దామని అడిగిన. నువ్వు ఒద్దంటే చేపిచ్చుకోనన్న. బొటనేలు పంపినవ్. నాతోటి ప్యాకింగ్ చేసే కౌసల్యమ్మకు గూడ గిదే ఉండె. వాళ్లాయన ఇంకో డాక్టరు కాడికి తోల్కపోయిండు. గోలీలతోనే తగ్గింది. నాకు గూడ తగ్గుతుండెనో లేదో, ఎవలకు తెల్సు."

ఆ మాటలన్నీ జైపాల్‌కు వినపడ్డాయి. మధ్యలో గొంతు వణికింది కూడా వినపడింది. ఈమె ఇన్నాళ్లూ, తన భయం మొత్తం విని మరీ మొగుడు సరేనన్నాడనుకుని బతికింది. ఆ పక్కనే తను కొబ్బరినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఛీ, ఏం మనిషిని నేను అనిపించింది. ఏడుపొచ్చింది.

"నాకు ఇనపళ్లేదే రేఖా. ఒట్టు. మెషీన్ల చప్పుడు… ఒక్క ముక్క గూడ ఇనపళ్లేదు."

రేఖ తలెత్తి అతన్ని చూసింది. ఆమె కళ్లలో కోపం లేదు, అదే అతను తట్టుకోలేకపోయాడు.

"మరి తెల్లారి నీ ఎదురుంగ నిలబడి చెప్పిన గదా, రేపు ఆపరేషన్ అని. అప్పుడన్న అడగొచ్చు గదా, ఏందని."

ఆమె ఈనెలు తీసిన చిక్కుడుకాయలు గిన్నెలోకి ఎత్తుకుని లేచింది. గడప దగ్గర ఆగి, "ఇనపళ్లేదని ఒక్క మాటంటే అయిపోతుండె. మల్ల చెప్తుంటి" అని, కేకెయ్యకుండా, మామూలుగా అనేసి వంటింట్లోకి వెళ్లింది.