చైనాకు అచ్చు నేర్పిన ఇక్బాల్ బీ

అచ్చు అక్షరాలు చేయడం చైనావాళ్లకు నేర్పింది మా తిరుమలగిరి ఇక్బాల్ బీ. అదీ వెయ్యేళ్ల కిందట. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ని, లెక్కలో ఒక సున్నా అటూ ఇటూ కావచ్చు గానీ మనిషి మాత్రం ఆమే.

భర్త పోయాక పాత అచ్చుయంత్రాన్ని కాలితో తొక్కుతూ, సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేరుస్తూ, ఊరి రశీదులన్నీ ఆమే వేసింది. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండే ఆ అక్షరాలను మనం బస్సు బోర్డు చదివినంత తేలిగ్గా చదువుతుంది. కొడుకు ఫైసల్‌కు మాత్రం అదంతా ఉత్త సీసం. తూకానికి అమ్మేసి జిరాక్స్ దుకాణం పెడతానంటాడు.

2016 దసరాకు కొత్త జిల్లాలు వచ్చాయి. మా ఊరు నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లాలోకి పోయింది. వారం వారం జరిగే ఎడ్ల అంగడి గుత్తేదారు ఐలేశం పరుగున వచ్చాడు.

"ఇక్బాలమ్మా, రేపే అంగడి. రశీదుల మీద పాత జిల్లా ఉంటే ఎడ్లు కొన్నోళ్లు నన్ను తంతరు. కంప్యూటరోళ్లేమో వారం ఆగుమంటున్రు."

"వారమెందుకు? జిల్లా పేరొక్కటి తీసి ఇంకోటి పెడితే అయిపాయె."

ఫైసల్ నవ్వాడు. "చూస్తా అమ్మీ. రేపు అంగడి షురువయ్యేలోపు రశీదులు ఇయ్యకుంటే ఆటో తోలుకొస్తా. అచ్చులన్నీ ఎత్తుడే."

"తోలుకరా," అందామె.

ఆమె ధీమాకు కారణముంది. పూర్వం చైనాలో పేజీ మొత్తం ఒకే చెక్క మీద చెక్కేవారట. ఒక్క మాట మారినా మళ్లీ కొత్త చెక్కే. బీ షెంగ్ అనే ఒక సామాన్యుడు, చెక్క ముక్కలైతే తడికి ఉబ్బుతాయని, బంకమట్టితో అక్షరానికొక ముక్క చేసి, కాల్చి, ఇనుప పలక మీద గుగ్గిలం, మైనం పరిచి పేర్చాడు. పనయ్యాక పలక వేడిచేస్తే ముక్కలు ఊడివచ్చేవి, ఇంకో మాటకు పనికొచ్చేవి. ఇది ఫోన్‌లో చదివి ఆమెకు చెప్పింది, రోజూ ఆమె అచ్చుకొట్లోనే పొద్దుపుచ్చే నేనే. నా జన్మలో చెప్పిన ఒకే ఒక్క నిజం. కోతలని ఊరంతా నవ్వింది.

ఆమె 'నల్లగొండ' తీసేసి 'సూర్యా' వరకు పేర్చింది. అక్షరాల పెట్టెలో, ఉన్న ఒకే ఒక్క పెద్ద 'పే' ఉండే గదిలో చెయ్యిపెట్టింది. ఖాళీ.

"ఫైసల్! ఈడ అచ్చరమేది?"

"మొన్న పాత సామాన్లాయనకు మచ్చు చూపెట్టిన గదా, అమ్మీ. కరగబెట్టిండేమో."

ఆమె మొహం తెల్లబోయింది. నావైపు తిరిగింది.

"బంకమట్టి తీస్కరా."

"చాచీ, కట్టెతోటి చెక్కరాదా?"

"కట్టె తడి తాగి ఉబ్బుతది. నువ్వు చెప్పిన ముచ్చటే గదరా, నువ్వే మరిచినవా?"

సూదిమొనతో తిరగబడ్డ 'పే' చెక్కింది. మట్టి ఎండితే కుంచించుకుపోతుందని కొలత కన్నా కాస్త పెద్దగా చేసింది. అలాంటివి మూడు. పొయ్యి పక్కన ఆరబెట్టి, బొగ్గుల్లో కాల్చింది. సాయంత్రానికి ఒకటి యంత్రంలో బిగించి తొక్కగానే టప్పుమని పొడైంది. రెండోదీ అంతే. ఐలేశం నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఫైసల్ ఆటోవాడికి ఫోన్ చేసి పొద్దున్నే రమ్మన్నాడు.

"చైనోళ్లకు మిషనుండెనా?" అని ఆమె నన్ను అడిగింది.

"లేదు చాచీ. కాగితం పరిచి చేత్తోటి రుద్దేటోళ్లు."

పేర్చినదంతా చట్రంతో సహా బల్ల మీదికి దించింది. మూడో 'పే' పెట్టి, ఎత్తు సరిపోయేలా కింద కాగితం ముక్కలు దోపింది. సిరా పూసి, కాగితం పరిచి, అరచేత్తో మెల్లగా రుద్ది, అంచు పట్టుకుని పైకి లేపింది. సూర్యాపేట జిల్లా! నా ముచ్చటే తడి సిరాతో నా ముందుకొచ్చింది.

పొద్దున ఆటో వచ్చేసరికి రశీదుల్లో సగం అయ్యాయి. ఫైసల్ ఒకటి తీసి చూశాడు, తల్లి కమిలిన అరచెయ్యి చూశాడు. "జరుగు అమ్మీ," అని తనే రుద్దడం మొదలుపెట్టాడు. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టి, తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

రశీదులు సంచిలో సర్దుకుంటూ ఐలేశం అడిగాడు, "గీ పని ఏడ నేర్చినవమ్మా?"

"నేర్చుడేంది? చైనోళ్లకు నేర్పిందే ఈమె!" అన్నాను.

ఆమె గుడ్డతో వేళ్లు తుడుచుకుంది.

"చైనాకు నేనేం నేర్పలే. మా ఫైసల్ ఒక అచ్చరం పోగొట్టిండు. మట్టితోటి ఇంకోటి చేసిన. గంతే."