పుంటికూరలో జొన్నరొట్టె

మా అమ్మ కుడిచెయ్యి విరిగిన ఏడాదే నాకు వంట వచ్చింది.

అప్పుడు ఆమె మాతోనే, రామన్నపేట దగ్గర మేము కట్టుకున్న చిన్న ఇంట్లో ఉండేది. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం ఊరివాళ్ళ చేలల్లో కూలికి పోయిన మనిషి. తనదంటూ గుంటెడు జాగా ఎన్నడూ లేదు. అందుకే ఇంటి వెనక కాస్త నేల మిగిలిందని చూపిస్తే, ఇంట్లో దిగిన నాడే కొంగు నడుముకు చుట్టి గడ్డపార పట్టింది. బోరు నీళ్ళు ఉప్పన. మొదట్లో ఏదీ సరిగ్గా ఎదగలేదు. పుంటికూర, అదే గోంగూర, ఒక్కటే మొండిగా నిలబడింది. నల్లాలో కృష్ణా నీళ్ళు వచ్చాక తోటకు ప్రాణం వచ్చింది. టమాట, పచ్చిమిర్చి, బీర, పందిరి మీద చిక్కుడు. కందిపప్పు కూడా ఆ నీళ్ళతోనే మా ఇంట్లో మొదటిసారి మెత్తగా ఉడికింది. అమ్మ గరిటెతో తీసి నా భార్యకు చూపించి, "సూడు బిడ్డా, వెన్న లెక్కైంది" అని మురిసిపోయింది.

ఆ తోటలోనే చిక్కుడుకాయలు తెంపుతూ, తడిమట్టిలో కాలు జారి పడింది. నల్లగొండ దవాఖానలో మణికట్టుకు పిండికట్టు వేశారు. నా భార్య అంగన్‌వాడీ టీచరు, పొద్దున్నే పోవాలి. నేను లైన్‌మన్‌ను, ఆ రోజుల్లో నా డ్యూటీ మధ్యాహ్నం మొదలయ్యేది. వంట నా మీద పడింది. చాయ్ పెట్టడం తప్ప నాకేమీ రాదు.

అమ్మ వంటింటి కిటికీ బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. "కారం ఎంత వెయ్యాలమ్మా?" అని అడిగితే, "నువ్వు తినేటంత" అంది. మొదటి రోజు పుంటికూర. ఆకు కడిగి గిన్నెలో వేసి, చెంబెడు నీళ్ళు పోశాను.

"నీళ్ళు పొయ్యకు కొడుకా, ఆకే నీళ్ళిడుస్తది" అన్న మాట ఆ తర్వాత వినబడింది.

కూర చారులా తేలింది. "పారబోసి మళ్ళ చేస్తనమ్మా" అన్నాను.

"ఎందుకు పారబోస్తవ్? రాత్రి జొన్నరొట్టె మిగిలింది గద, తుంచి దాంట్ల ఎయ్యి. జర ఎల్లిపాయ దంచేసి మూతపెట్టు."

కాసేపటికి రొట్టె ఆ పులుపంతా తాగి మెత్తబడింది. ఎడమచేత్తో తినలేకపోతుంటే నేనే తినిపించాను. నమిలి మింగి, గిన్నెలోకి తొంగి చూసింది.

"మా అవ్వ గిట్లనే చేసేది. కూలికి పోయినప్పుడు రొట్టెలు ఎండిపోతే గిట్లనే నానవెట్టేది. మీరు పుట్టినంక నేను చెయ్యలే. పేదోళ్ళ తిండి మీకెందుకు పెట్టాలె అనుకున్న. గింత రుచి ఉంటదని మర్శే పోయిన."

అంతలో పక్కింటామె వచ్చి, "ఏందక్కా, కొడుకుతోని వండిపిస్తున్నవా?" అంది.

"వండితే ఏమైతది? నువ్వు సుత తిని పో" అంది అమ్మ. ఆమె కూర్చుని తిన్నది. ఇంకొంచెం అడిగి పెట్టించుకుంది.

కట్టు విప్పినా నేను పొయ్యి వదల్లేదు. అమ్మ ఒకటి రెండుసార్లు గరిటె లాక్కోబోయి, తర్వాత కుర్చీకే అలవాటుపడింది. అలా తపాలచెక్క, పచ్చిపులుసు, చిక్కుడుగింజల కూర ఒక్కొక్కటే నా చేతికొచ్చాయి. వాటితోపాటు ఆమె చిన్నతనం, నాట్లేసే రోజులు, నేనెన్నడూ అడగని సంగతులన్నీ చెప్పింది.

చివరి నెలల్లో ఆమె మంచం పట్టింది. సొరకాయ పప్పు మెదిపి, అన్నంలో కలిపి నోట్లో పెట్టేవాణ్ణి. ఒకరోజు, "ఉప్పు జర తక్కువైంది కొడుకా" అంది. డాక్టరు తగ్గించమన్నాడని చెప్పాను. "తినేది నేనా, డాక్టరా?" అని నవ్వి, గిన్నె ఖాళీ చేసింది.

అమ్మ చేతి అన్నం అందరూ తింటారు. ఆమె వంటనే వండి ఆమెకు తినిపించడం నాకు దక్కింది. ఇంతకన్నా పెద్ద ఆస్తి ఆమె నాకేం ఇవ్వగలిగేది?

ఆమె పోయాక కూడా ఇంట్లో వంట నాదే. ఈ పొద్దున తోటలో లేత బీరకాయలు కనబడ్డాయి. తెంపుకొచ్చి, పొట్టు పచ్చడికని పక్కన పెట్టి, కూర పొయ్యి మీదికి ఎక్కించాను. కమ్మని వాసన వస్తోంది.