పుట తిప్పిన పాపం

కోరుట్లలో జగిత్యాల రోడ్డు మీద పాషా మెకానిక్ షెడ్డు ఉంది. పైన రేకులు, లోపల ఒక బల్ల, బయట రెండు పాత టైర్లు. అందులో ఒకటి నాది. కొన్నది కాదు, రెండేళ్లుగా దాని మీద నేనే కూర్చుంటున్నాను కాబట్టి నాదే. డెబ్బై రెండేళ్లొచ్చినా కాలు ఒకచోట నిలవదు నాకు. పొద్దున ధర్మపురిలో గోదావరి చూస్తాను, మధ్యాహ్నానికి ఎక్కడ తేలతానో ఇంట్లోవాళ్లు అడగడం మానేశారు. తాతల నాడు బుగ్గారం దిక్కు నాలుగు ఊళ్లు మా మాట వినేవట. మాట్లాడే అలవాటు రక్తంలో మిగిలింది గానీ వినేవాళ్లు మిగల్లేదు. పాషా ఒక్కడే ఓపికగా వింటాడని మురిసిపోయేవాణ్ణి.

అతనికి వినపడదని పోయిన చలికాలం తెలిసింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిచెవి సగం. అంటే కాకతీయుల చెరువుల గురించి మూడు నెలల పాటు నేను చేసిన ప్రసంగంలో అతనికి అందింది ఏమీ లేదు. తల మాత్రం సరైన చోటల్లా ఊపాడు.

పాషా పేరే చెవి మీద నిలబడింది. పద్నాలుగేళ్లప్పుడు పని నేర్చుకోవడానికి ఒక ఉస్తాద్ దగ్గర చేరాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, రోగం ఎక్కడుందో చెప్పేవాడు. గంభీరావుపేట నుంచి కూడా బండ్లు తెచ్చేవారు. కూతురు హుమేరా చెవికి మిషన్ పెట్టించుకోమని పోరుతోంది. "మిషన్ వెట్టుకున్న చెవిని ఎవలు నమ్ముతరు రావు సాబ్?" అన్నాడు నాతో. ఆ సంగతి నాకు చెప్పడానికి కారణం నా మీద గౌరవం అనుకున్నాను. "మీరు పొద్దుగూకులు ఖాళీగనే కూసుంటరు గద" అన్నాక అసలు కారణం తెలిసింది. తన చెవుల పని నాకిచ్చాడు.

ఇక్కడ ఇంజన్ గురించి ఒక మాట చెప్పాలి. నాలుగు సిలిండర్లు పల్లకి మోసే నలుగురు బోయీల వంటివి. ఒకడు భుజం దించితే పల్లకి ఎగిరెగిరి పడుతుంది. మా తాతలు పల్లకి ఎక్కారు, నేను ఆ ముచ్చట విన్నాను, అంతే. భుజం దించినవాణ్ణి పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో సిలిండర్‌కు డీజిల్ తెచ్చే సన్న పైపు నట్టును పానాతో కొంచెం వదులు చేయాలి. పని చేసే సిలిండర్ అయితే చప్పుడు వెంటనే కుంగుతుంది. చప్పుడులో తేడా రాలేదంటే పని ఎగ్గొడుతున్నది అదే. పాషా నట్టు తిప్పుతాడు. నేను టైరు మీద పుస్తకం పట్టుకుని ఉంటాను. చప్పుడు మారితే పుట తిప్పాలి. మారకపోతే ఊరుకోవాలి. చూసేవాళ్లకు ఒక ముసలాయన చదువుకుంటున్నట్టే ఉంటుంది. ఇట్లా ఆరు నెలలు నెట్టుకొచ్చాం.

అప్పుడు జలపతి వచ్చాడు. పదిహేడేళ్ల పికప్ అతనిది. సిరిసిల్ల సాంచెల మీద నేసిన గుడ్డ తానులు కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు చేరవేస్తాడు. బండి నిలబడ్డచోటే జ్వరం వచ్చినట్టు వణుకుతోంది, గడ్డ ఎక్కమంటే మొండికేస్తోంది. జగిత్యాలలో ఎవరో ఇంజన్ దించాల్సిందేనన్నారట. పాషా భాయ్ కూడా అదే అంటే ఈ రోజే పాత ఇనుము కింద అమ్మేస్తానని చెప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పాషా నా వైపు చూశాడు. నేను పుస్తకం తెరిచాను. అట్ట చిరిగిన ఏదో యాత్రల పుస్తకం అది. మొదటి నట్టు వదులు చేశాడు. చప్పుడు కుంగింది, పుట తిప్పాను. రెండో నట్టు. సరిగ్గా అప్పుడే నాకు పుట అయిపోయింది. చేయి దానంతటదే తిప్పేసింది. కొత్త పుటలో ఎడారి మధ్య దారి చూపేవాడు నీళ్లతిత్తితో సహా మాయమయ్యాడు. ఇక కోరుట్ల ఎక్కడ, నేనెక్కడ! మూడో నట్టు ఎప్పుడు వదులు చేశాడో, ఎప్పుడు బిగించాడో తెలియదు. నాలుగోదానికి ఉలిక్కిపడి తిప్పాను.

పుట తిరగలేదు గనక పాషా మూడోదాంట్లో డీజిల్ చిమ్మే నాజిల్ విప్పేశాడు. కొత్తది వేసి బిగించి, బండి స్టార్ట్ చేశాడు. అదే వణుకు.

జలపతి కాసేపు చూసి, జగిత్యాలోళ్ల మాటే నిజమేమో, ఇక అమ్ముడేనని నిట్టూర్చాడు. పాషా పానా తుడుస్తున్నాడు. నా వైపు చూడలేదు. తప్పు నాదని అతనికి తెలుసు, చెప్పడు. చెబితే నా పరువు పోతుంది. అది ఎప్పుడో పోయిన వస్తువు. కానీ దానితో పాటు అతని చెవి కూడా బజారున పడుతుంది. చెప్పకపోతే మంచి బండి పాత ఇనుమవుతుంది. చెప్పేశాను. చెప్పడంలో కూడా ఎడారి దగ్గర మొదలుపెట్టాను.

"పుస్తకం సంగతి ఇడువుండ్రి సారూ" అన్నాడు జలపతి. "గిది చెప్పుండ్రి, పాషా భాయ్‌కు ఇనవడదా?"

పాషా మా ఇద్దరి మొహాలు చూశాడు.

"ఏమడిగినవో సమజైంది" అన్నాడు. "ఇనవడది, జలపతీ."

ఇంజన్ చల్లారనిచ్చి, పాషా చెంబుతో నీళ్లు తెచ్చాడు. కొత్తగా పనిలో చేరినప్పుడు ఉస్తాద్ ఈ నీళ్ల పరీక్ష చేయించేవాడట. చెవి కుదిరాక మళ్లీ ముట్టలేదు. చెవి లేనివాడి పని అని నలుగురు నవ్వుతారని భయం. బండి స్టార్ట్ చేయించి, ఇంజన్ పొగ బయటికి పోయే నాలుగు గొట్టాల మీద కాసేపటికొకసారి వేళ్లతో చుక్కలు చల్లాడు. మొదటిది, మూడోది, నాలుగోది చుయ్యిమని ఆవిరయ్యాయి. పని ఎగ్గొట్టే రెండోదాని గొట్టం వేడెక్కలేదు, దాని మీద చుక్క అట్లాగే నిలిచింది. నీళ్లకు పుస్తకాలు చదివే జబ్బు లేదు గనక నిజం చెప్పాయి.

రెండోదాని నాజిల్ విప్పితే మొన మసిబారి పూడుకుపోయి ఉంది. నా పుణ్యాన మూడోదాని నుంచి ఊడిన మంచి నాజిల్‌ను శుభ్రం చేసి దానికి వేశాడు. బండి ఒక్కసారి దగ్గి, సర్దుకుంది. పక్క అద్దంలో నా మొహం వణకడం ఆగింది. ఆగాక చూస్తే అంత గొప్పగా ఏమీ లేదు.

జలపతి సీటులో కూర్చుని ఏదో అన్నాడు. పాషా ఎడమ చెవి అటు ఉంది. ఎప్పటిలా తల ఊపాడు. జలపతి ఇంజన్ ఆపాడు. దిగి, బండి ముందు నుంచి చుట్టు తిరిగి, పాషా కుడిపక్కకు వచ్చి నిలబడ్డాడు. రోడ్డవతల టీకొట్టు దాకా వినపడేట్టు మళ్లీ అడిగాడు.

"మా తమ్మునిది ట్రాక్టర్ గూడ గిట్లనే కొట్టుకుంటాంది. ఐతారం తోలుక రమ్మంటవా?"

పాషా చెంబు బోర్లించి, అడుగున మిగిలిన నీళ్లు దులిపాడు.

"తోలుక రమ్మను" అన్నాడు. "పొద్దుగాల్నే రమ్మను, ఇంజన్ సల్లగ ఉండంగనే."