తరగతంతా ఒకే చేతిరాత

అది 2011. తెలంగాణ ఉద్యమం ఊరూరా ఉడుకుతున్న ఏడాది. అప్పుడు చిట్యాల వైపు ఒక సర్కారు హైస్కూల్లో నేను డ్రాయింగ్ మాస్టర్‌ని. పేరుకే మాస్టర్‌ని. పదో తరగతికి వారానికి నాకున్నవే రెండు పీరియడ్లు. బందులతో పాఠాలు వెనకబడ్డాయని హెడ్మాస్టర్ ఆ రెండూ లెక్కల సారుకు ఇచ్చేశారు.

"బొమ్మలు గీస్తె మార్కులొస్తయా సార్?" అన్నారు. కోపమొచ్చింది గాని మింగేశాను.

ఊరేగింపులకు బ్యానర్లు కావాలి కదా. అందుకని బడి విడిచాక పిల్లలను వరండాలో కూర్చోబెట్టి లెటరింగ్ నేర్పాను. అంటే వెడల్పాటి బ్రష్‌తో, కొలత ప్రకారం పెద్ద అక్షరాలు రాయడం. నా పద్ధతి ఒక్కటే, అచ్చం నాలాగే రాయాలి. తలకట్టు వెంట్రుకవాసి తేడా వచ్చినా చెరిపించేవాణ్ణి. నేర్పడమంటే అదేనని నా నమ్మకం.

ఒకరోజు బడికి వస్తూ పోలీస్ స్టేషన్ ప్రహరీ చూసి ఆగిపోయాను. పెద్దాఫీసర్ వస్తున్నాడని ముందురోజే సున్నం వేసిన గోడ మీద నీలి రంగుతో 'జై తెలంగాణ'. పక్కన ఒక తంగేడు పువ్వు, రెక్కలన్నీ గాలికి ఒకవైపే ఒరిగినట్టు. అలా ఒరిగిన పువ్వు గీసేది పదో తరగతి స్వరూప ఒక్కతే. ఎన్నిసార్లు దిద్దినా ఆ పువ్వు దగ్గర మాత్రం నా మాట వినేది కాదు.

బడి గేటు దగ్గర స్వరూప తల్లి లచ్చమ్మ నిలబడి ఉంది. కూలి చేసి బిడ్డను చదివిస్తున్న మనిషి.

"పిల్ల చేతులకు నీలి రంగుంటె రుద్ది కడిగిన సారూ. దాని పేరు పోలీస్ ఠాణాల ఎక్కితె బడి బంద్ వెట్టి పత్తి ఏర తోల్తమని మా ఇంటాయన అన్నడు. ఎట్ల సారూ?"

అంతలోనే ఎస్సై జీపు వచ్చింది. బ్యానర్లు రాసేది పదో తరగతి పిల్లలేనని ఊరందరికీ తెలిసిందే.

"ఎవలు రాసిన్రో మీరే జెప్పున్రి సార్. లేకుంటె నేనే పట్టుకుంట" అన్నాడు ఎస్సై. తరగతిలోని ముప్పై ఎనిమిది మందికీ తలా ఒక కాగితం ఇప్పించి, వెనక పేరు వేయించి, బ్రష్‌తో అవే రెండు మాటలు రాయమన్నాడు. స్వరూప కళ్లలో నీళ్లున్నాయి. చెయ్యి మాత్రం కొలత తప్పలేదు.

కాగితాలన్నీ వరండాలో పరిచారు. ఎస్సై వంగి ఒకటి చూశాడు, పక్కది చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"ఏంది సార్ గిది? అన్నీ ఒక్కలే రాసినట్టున్నయ్."

"నేర్పింది నేనే. నన్ను గూడ రాయమంటరా?"

రాశాను. అదీ అచ్చం అలాగే వచ్చింది. వెనకున్న కానిస్టేబుల్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. ఎస్సై టోపీ పెట్టుకుని, "సాయంత్రం లోపట గోడకు సున్నం ఏయిన్రి" అని జీపెక్కాడు.

హమ్మయ్య అనుకున్నాను. లచ్చమ్మ మెట్ల మీదే కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. హెడ్మాస్టర్ అందరికీ చాయ్ తెప్పించి నా పక్కన కూర్చున్నారు. "రేపటి సంది మీ పీరియడ్లు మీరే తీసుకోన్రి సార్. మార్కుల సంగతేమో గాని, పిల్ల దక్కింది."

ఆ సంతోషంలోనే కాగితాలు సర్దుతూ, స్వరూప రాసింది ఏదో వెతికాను. వెనక పేరు చూస్తే తప్ప దొరకలేదు. ఎస్సై సంగతి సరే, నాకే తెలియలేదు. అతను పువ్వు గీయమని అడిగి ఉంటే పిల్ల అక్కడికక్కడే దొరికిపోయేది. ఆ పిల్లను కాపాడినవి నా అక్షరాలు. కానీ వాటిలో ఆ పిల్ల ఎక్కడా లేదు. సిగ్గేసింది.

మర్నాడు నా పీరియడ్‌లో బోర్డు మీద ఏమీ గీయలేదు. మీ వాకిట్లో కనిపించేది గీయమన్నాను. ముప్పై ఎనిమిది వాకిళ్లు వచ్చాయి. ఒక్కటీ ఇంకోదానిలా లేదు. స్వరూప వాకిట్లో పువ్వు మళ్లీ పక్కకే ఒరిగింది. చేతిలో రబ్బరుంది, జేబులో పెట్టుకున్నాను.