ఆకుపచ్చ చుట్టాలు

బళ్ళారిలో ఫోటోలు తీసేవాళ్ళు ఎంతమందైనా ఉండనీ, పరుగెత్తే మనిషిని నిలబడినట్టు తీయగలిగినవాడు తానొక్కడే అని నెట్టికంటప్ప చెప్పుకునేవాడు. కాదన్నవాళ్ళకు హగరి స్టేషన్ కథ వినిపించేవాడు. అక్కడ ఆగకుండా దూసుకుపోయిన ఎక్స్‌ప్రెస్ రైలు కిటికీలో ఒక ముసలామె కూర్చుని ఉందట. ఆమె ముక్కుపుడకలో రాళ్ళెన్నో అతని ఫోటోలో లెక్కపెట్టవచ్చట. మొదట్లో ఆ రాళ్ళు ఐదు. పదేళ్ళు గడిచేసరికి తొమ్మిదయ్యాయి. ఫోటో మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

పీయూసీ రెండో ఏడు ఇంగ్లీషు పరీక్షకు బయలుదేరి, దారిలో ఒక స్టూడియో అద్దాల ముందు ఆగిపోయినవాడు మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదు. ఇరవైరెండేళ్ళు రీలు కెమెరాతో బతికాడు. రెండువేల ఆరులో డిజిటల్ కెమెరా కొన్నాడు. అప్పటినుంచి ఫోటో తీయడం అతని వంతు, దాన్ని కంప్యూటర్లో సరిదిద్ది ఆల్బం చేయడం భార్య వినూత వంతు.

ఆ కెమెరాలో రెండు దారులున్నాయి. రంగులు తనే దిద్ది ఫోటో దాచేది జేపెగ్, ఏమీ దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచేది రా. కెమెరా కంపెనీవాళ్ళు బెంగళూరులో ఒకరోజు పాఠం చెబితే విని వచ్చి, కెమెరాను తానే కనిపెట్టినంత ధీమాగా భార్యకు వివరించాడు.

"జేపెగ్ అంటే కుట్టేసిన ప్యాంటు. రా అంటే తాను గుడ్డ. ప్యాంటు బిగుతైతే ఎంతని విప్పుతావు? గుడ్డయితే మన ఇష్టమొచ్చినట్ల కత్తిరించుకోవచ్చు."

ఇంటింటా జీన్స్ ప్యాంట్లు కుట్టే ఊళ్ళో ఈ మాట ఎవరికైనా ఇట్టే ఎక్కుతుంది. వినూతకూ ఎక్కింది.

"కుట్టేదెవరు మరి? నువ్వు తాను తెచ్చి పడేసి పోతావు. ఒక్కొక్కటీ తెరిచి, రంగులు సరిచేసి కూర్చోవాల్సింది నేను."

పైగా రా ఫోటోలు చోటు తినేస్తాయి. జేపెగ్‌లో ఆరువందలు పట్టే కార్డులో రా అయితే రెండువందలకే కెమెరా చేతులెత్తేస్తుంది. అందుకే నెట్టికంటప్ప ఎప్పుడూ జేపెగ్‌లోనే తీసేవాడు. "సరిచేసేదానికి తప్పు ఉండాల గదా మొదట" అనేవాడు.

మరుసటి ఏడు గనుల పక్కనే ఉన్న తారానగర్‌లో పద్మనాభ కూతురు హారతి పెళ్ళి వచ్చింది. పద్మనాభ, నెట్టికంటప్ప ఒకే బెంచీ మీద కూర్చుని చదివారు, ఒకే ఏడు చదువు మానేశారు. పద్మనాభ పొలం చూసుకుంటూ రెండు లారీలు కొన్నాడు. గనుల పుణ్యమా అని అవి పన్నెండయ్యాయి. పెళ్ళికి వారం ముందు అతను స్టూడియోకి వచ్చి మాట తీసుకున్నాడు.

"వచ్చినోళ్ళు ఒక్కరు కూడా తప్పకూడదప్పా. గనుల ఓనర్లు వస్తాండారు, కాంట్రాక్టర్లు వస్తాండారు. ఆల్బం తెరిస్తే ఎవరెవరు వచ్చినారో కండ్లకు కనపడాల. బెంగళూరోళ్ళు వద్దని నిన్ను పెట్టుకుంటాండా. పాడు చేసినావో, ఇంగ నా వాకిలి తొక్కొద్దు."

"లేయ్, నేను తీస్తే నీ లారీ కూడా పెండ్లికూతురు మాదిరి ఉంటాది" అన్నాడు నెట్టికంటప్ప.

అతను అటు వెళ్ళగానే వినూత గట్టిగా చెప్పింది. "జీలకర్ర బెల్లం మొదలుకొని తలంబ్రాలు అయ్యేదాకన్నా రాలో తీయి. అది మళ్ళా జరిగేది కాదు. మిగతాది నీ చావు నువ్వు చావు." సణుగుతూనే సరేనన్నాడు.

పెళ్ళిరోజు పొద్దున మొదటి పది ఫోటోలు చూసుకుంటే అందరూ కుంకుమలో పొర్లాడి వచ్చినట్టున్నారు. పందిరి పక్కనే రోడ్డు, రోడ్డు నిండా ఇనుప ఖనిజం లారీలు. ఎండ కూడా ఎర్ర దుమ్ములో వడకట్టుకునే లోపలికి దిగుతోంది. దీనికి విరుగుడు బెంగళూరులో నేర్పారు. తెల్లటి వస్తువునొకదాన్ని కెమెరాకు నిండుగా చూపించి, తెలుపంటే ఇదీ అని చెప్పాలి. మిగిలిన రంగులన్నీ దాన్నిబట్టి అదే సర్దుకుంటుంది. ఎదురుగా పద్మనాభ రోజూ కట్టే తెల్ల పంచెలోనే నిలబడి వంటవాళ్ళను కేకలేస్తున్నాడు. నెట్టికంటప్ప ఆ పంచెనే చూపించాడు. ముహూర్తం రాలో తీశాడు. తర్వాత జేపెగ్‌కు మార్చి, కానుకలు చదివించడానికి వరసకట్టిన వాళ్ళను మధ్యాహ్నం మూడింటిదాకా తీశాడు. పదకొండువందల ఫోటోలు. ఒక్క మనిషి తప్పలేదు.

మర్నాడు పొద్దున వినూత కంప్యూటర్ తెరిచి గట్టిగా పిలిచింది.

"ఏమయ్యా, వీళ్ళంతా ఏం తిన్నారు ఆడ?"

గనుల ఓనర్లు, కాంట్రాక్టర్లు, వాళ్ళ భార్యలు, పిల్లలు, అందరూ పాచిపట్టిన గోడల్లా ఆకుపచ్చగా ఉన్నారు.

"కంప్యూటర్ చెడిపోయిందేమో చూడు."

"కంప్యూటర్ బాగుండాది. తెలుపు అని దేన్ని చూపిస్తివి?"

చెప్పాడు. వినూత నుదురు కొట్టుకుంది. ఆ పంచె ఆరేళ్ళుగా తారానగర్‌లో ఉతికి తారానగర్‌లో ఆరేసినది. అక్కడ కుక్కలు, కొంగలు, బడి గోడలు, అన్నీ ఇటుకపొడి చల్లినట్టే ఉంటాయి. అందరి కళ్ళూ దాన్నే తెలుపని ఒప్పేసుకున్నాయి. కెమెరా మాత్రం చెప్పిన మాట విని, పంచెలో ఉన్నంత ఎరుపునూ ప్రతి ముఖంలోంచీ తీసేసింది. చిన్న తెర మీద ఎరుపు పోయిందని చూసి మురిసిపోయాడే గానీ, ఎంత పోయిందో నెట్టికంటప్ప చూసుకోలేదు.

ముహూర్తం ఫోటోలు బతికాయి. పళ్ళెంలో పగలగొట్టిన కొబ్బరి చిప్ప ఉంది. దుమ్ము సోకని తెలుపు అదొక్కటే. వినూత కంప్యూటర్లో తెలుపంటే ఇదీ అని దాని మీద నొక్కగానే హారతి ముఖానికి నెత్తురు తిరిగివచ్చింది, పసుపు పసుపైంది, తలంబ్రాలు మెరిశాయి. జేపెగ్‌ల దగ్గరికి వచ్చేసరికి ఆకుపచ్చ తగ్గిస్తే ముఖాలు బూడిదరంగుకు దిగాయి, ఎరుపు పెంచితే వాచినట్టయ్యాయి. నాలుగురోజులు తంటాలు పడి ఆమె చేతులు దులుపుకుంది.

"ఇంగ రావు. పోయి ఆయప్పకు నిజం చెప్పు."

తారానగర్ బస్సులో నెట్టికంటప్ప మూడు కథలు అల్లుకున్నాడు. మొదటిది వైరస్. రెండోది పిడుగు. మూడోదాంట్లో జపాను నుంచి ఇంజినీర్లు కూడా వస్తారు. పద్మనాభ ఇంట్లో పుట్టింటికి వచ్చిన హారతి కూడా ఉంది. ముహూర్తం ఆల్బం చూసి తండ్రీకూతుళ్ళు ఇద్దరూ మురిసిపోయారు. రెండో ఆల్బం తెరిచి పద్మనాభ ఆగిపోయాడు.

"ఇదేందప్పా? మనుషులా, బీరకాయలా?"

"వైరస్ పద్మనాభా. అమెరికాలో పుట్టి సుమ్నే ఊరికే లోపలికి దూరేసింది..."

"అదే కెమెరాతో తీసిన నా ఫోటోలు బాగుండాయి గదా చిన్నాయనా?" అంది హారతి. "నాకు దూరనిది వాళ్ళకెట్ల దూరె?"

పిడుగు నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. ముప్పై ఏళ్ళ స్నేహితుడు ఒక్కో ముఖాన్నీ వేలితో తడుముతూ పేర్లు గుర్తుపట్టడానికి అవస్థ పడుతున్నాడు.

"తప్పు నాదే" అన్నాడు నెట్టికంటప్ప. "నీ పంచె తెల్లగా ఉండాదనుకుంటి. పోనీ, రాలో తీసింటే దిద్దుకొనేదానికి అయ్యేది. నేను తీస్తే తప్పెట్ల వస్తాదిలే అని జేపెగ్‌లో తీస్తి. వినూత ముందే చెప్పింది."

పద్మనాభ తన పంచె వైపు చూసుకున్నాడు. ఇంకా మడత విప్పని కొత్త తెల్ల చొక్కా పెట్టెలో నుంచి తీసి దాని పక్కన పెట్టుకున్నాడు. రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"లేయ్, ఇది నేను బట్టల సబ్బుతో ఉతికిస్తాండేది" అన్నాడు నెమ్మదిగా.

"నీ పన్నెండు లారీలు దానికి మళ్ళా ఎర్ర అద్దకం వేస్తాండాయి."

పద్మనాభ ఆల్బం మూశాడు. మళ్ళీ తెరిచాడు. వాకిలి మాట ఎప్పుడు వస్తుందా అని నెట్టికంటప్ప చెప్పుల వైపు చూశాడు.

"కాగితం తీసుకో" అన్నాడు పద్మనాభ. "ఈ పచ్చగా ఉన్నోళ్ళ పేర్లన్నీ రాయి. హారతి సీమంతానికి అందర్నీ మళ్ళా పిలుస్తా. ఒక్కొక్కర్నీ నిలబెట్టి తీద్దువు. అన్నీ రాలో."

"నాయనా!" హారతి ముఖం కప్పుకుంది. "పెండ్లయి ఇరవై దినాలు కాలేదు!"

"టైముంది గదమ్మా, తొందరేముంది. వీనికి కార్డులు కొనుక్కొనేదానికి కూడా టైము పడ్తాది."

నెట్టికంటప్ప పెన్ను తీసి మొదటి ఆకుపచ్చ ముఖం దగ్గర వంగాడు. అది సండూరు కాంట్రాక్టరుదో, పూజారి బావమరిదిదో తేలడానికి ముగ్గురికీ కాఫీ చల్లారేంత సేపు పట్టింది.